రంగు కింద పగులు

ఎనభైల చివర్లో నేను బిలాస్‌పూర్‌లో రైలు వంతెనల ఇన్‌స్పెక్టర్‌ని. కర్గీ రోడ్ వైపు నాలా మీదున్న ఇనుప వంతెన కూడా నా కిందే ఉండేది. రైలు పెట్టెల మరుగుదొడ్ల నీళ్లు, వానకు తడిసిన బొగ్గు మురికి ఏళ్ల తరబడి దాని మీదే కారేవి. బండి వెళ్లిన ప్రతిసారీ ఉక్కు కాస్త వంగి లేస్తుంది. పొడిచోట ఎన్నో ఏళ్లు ఓర్చుకునే వెల్డింగు అతుకు, ఆ తడిలో తుప్పు తిని తొందరగా పగులుతుంది. ఇది నాకు బాగా తెలుసు. తెలియదని చెప్పి తప్పించుకునే దారి కూడా లేదు.

పెద్ద అధికారి తనిఖీకి నాలుగు రోజుల ముందు మా ఖలాసీ ఆ పెంటంతా చేత్తో గీకి నన్ను పిలిచాడు. శ్రీకాకుళం వైపు పెద్దాయన.

"బాబూ, అతుకు పక్కన గీత నాగుంది. కిరసనాయిలు రాసి, సుద్ద పూసి సూద్దామా?"

పగులుంటే నూనె అందులోకి దిగి, సుద్ద మీద తడి గీతగా బయటపడుతుంది. ఆ అతుకు నిరుడు వానల్లో తడి ఆరకుండానే నేను తొందరపెట్టి వేయించినది. బయటపడితే నా మెడకే చుట్టుకుంటుంది. కంపుకి భయపడి నేను కిందికి కూడా దిగలేదు.

"పాత రంగు గీతలే. తనిఖీ అయ్యాక చూద్దాం, ముందు రంగు వేసెయ్," అన్నాను.

ఆయన నా ముఖం చూసి, "అచ్ఛా బాబూ," అని రంగు డబ్బా తెచ్చుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ ప్యాసింజరు వెళ్లే వేళకు అన్నం సహించేది కాదు. అయినా ఎవరికీ చెప్పలేదు.

తనిఖీ రోజు కొత్త రంగులోంచి తుప్పునీరు సన్నగా కారుతోంది. గీకించి చూస్తే బెత్తెడు పగులు. బళ్ల వేగం తగ్గించమని ఆర్డరు వేసి, రంగు వేసిందెవరని అధికారి అడిగాడు. నేను పగులు కొలిచిన టేపు చుట్టుకుంటున్నాను. పెద్దాయన ముందుకొచ్చి, తానేనని, పగులు తనకు కనిపించలేదని హిందీలో చెప్పాడు. ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆయనకు రాలేదు. తర్వాత కూడా రాలేదు.

ఆయన రిటైరైన రోజు షెడ్డులో నా చేత మాట్లాడించారు. అలాంటి కన్ను మళ్లీ మాకు దొరకదన్నాను.

"ఆ పగులొక్కటే కనబడ్లేదు కదా నాన్నా," అని ముందు వరసలోంచి ఆయన కొడుకు ఆటపట్టించాడు.

"అవున్రా, అదొక్కటీ అగుపడనేదు," అన్నాడాయన, నా వైపు చూడకుండా.

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను.