మావయ్యగారి బొటనవేలు

మొన్న నా కుడికాలి బొటనవేలి గోరు ఒక పక్క కండలోకి దిగబడింది. చెప్పులో కాలు పెడితే ప్రాణం జివ్వుమంటోంది. మా మనవరాలు ఫోన్లో ఒక వీడియో వెతికి నా ముందు పెట్టింది. అందులో ఒకాయన కాలు వేడినీళ్ళలో నానబెట్టుకుని, నవ్వుతూ, చిన్న కత్తెరతో గోరు మూల ఎత్తి చులాగ్గా కత్తిరించి పారేశాడు. "చూశావా నానమ్మా, ఇంతోటి దానికి డాక్టరెందుకు?" అంది. నేను ఫోను బోర్లించి ఆటో పిలవమన్నాను. దానికేం తెలుసు? ఆ వీడియో నేను ఫోన్లు లేని కాలంలోనే మా అత్తవారి అరుగు మీద చూసేశాను.

మా అత్తవారిది బుచ్చయ్యపేట దగ్గర పల్లె. చెరకు రైతులు. నేను కాపురానికి వెళ్ళేసరికి గానుగ ఆడుతోంది. ఊరంతా కాగుతున్న రసం వాసన. ఎండిన చెరకు పిప్పి పొయ్యిలో భగ్గున మండేది, రసం కాచే పెద్ద పెనంలో పసుపు నురగ పొంగేది, చీమలూ కందిరీగలూ మాకంటే ముందే హాజరు. అక్కడ రాజ్యం మా మావయ్యగారిది. చిటికెడు పాకం నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండకట్టి, నోట్లో వేసుకుని కాసేపు కళ్ళు మూసుకునేవారు. కళ్ళు తెరిచి "దింపండ్రా" అంటే దింపాలి. ఒక్క పొంగు అటూ ఇటూ అయితే బెల్లం దిమ్మ నల్లబడుతుంది, లేదా జావైపోతుంది. అనకాపల్లి మార్కెట్లో ఆయన బెల్లాన్ని రంగు చూసి గుర్తుపట్టేవారట. పెనం దగ్గర చెప్పులేసుకోవడం ఆయన దృష్టిలో మహాపరాధం. కాబట్టి ఆ పాదాలు ఏ చెప్పూ ఎరుగవు.

ఆయనకు ఇంకో నమ్మకం కూడా ఉండేది. లోకంలో ఉన్న బాధలన్నిటికీ బెల్లం సున్నం పట్టే మందు. ముల్లు దిగినా, సెగ్గడ్డ లేచినా, కాలు బెణికినా, ఎద్దు కుంటినా ఆ రెండూ అరచేతిలో నూరి అంటించేయడమే. మా ఆయన జ్వరమొచ్చినా నాన్నకి చెప్పేవారు కాదు, ఎక్కడ పట్టు వేస్తారోనని.

సరిగ్గా గానుగ జోరు మీదున్నప్పుడు మావయ్యగారి బొటనవేలి గోరు ఇలాగే లోపలికి దిగింది. అత్తయ్య అనకాపల్లి వెళ్ళి చూపించుకోమంది.

"గోరుకి డాక్టరేటి? నానెళ్తే పెనం ఎవుడు సూత్తాడు?" అన్నారు.

అరుగు మీద కూర్చుని, గడ్డం గీసుకునే బ్లేడు సగానికి విరిచి, మంటలో కాల్చి, గోరు మూల తవ్వారు. గోరు నడిమధ్య ఒక గాటు కూడా పెట్టారు. అలా పెడితే అంచులు లోపలికి పోకుండా నడుమకి వచ్చేస్తాయని ఆయన సిద్ధాంతం. ఆ పైన పట్టు సరేసరి. వేలు ముందు ఎర్రబడింది, తర్వాత వాచింది, తర్వాత దాని రంగు నాకు నచ్చలేదు. కొత్త కోడలిని, నోరెత్తడానికి ధైర్యం చాలలేదు. ఇంతలో ఒకరోజు పొద్దున్నే ఆయన పందెం గెలిచినవాడిలా ప్రకటించారు. "నొప్పి పోనాది. సూసేరా? పట్టంటే పట్టే!"

ఆ మధ్యాహ్నమే పాకం దింపుతుంటే గరిటెలోంచి మరుగుతున్న పాకం జారి సరిగ్గా ఆయన పాదం మీద పడింది. మేమంతా కెవ్వుమన్నాం. ఆయన మాత్రం మా మొహాలు చూసి, "ఏటైనాదిరా?" అన్నారు.

పొయ్యిలో పిప్పి ఎగదోస్తున్న అత్తయ్య పరుగున వచ్చి నీళ్ళు పోసింది. పాకంతో పాటు చర్మం ఊడి వచ్చింది. ఆయన చూపింకా పెనం మీదే ఉంది. అత్తయ్య ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూలబడిపోయింది.

"నొప్పి పోనేదు. కాలికే తెలివి పోనాది," అంది. తర్వాత లేచింది. "ఇప్పుడు బండెక్కుతారా, పెనం బోర్లించీమంటారా?"

ఆవిడ గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. మావయ్యగారు బండెక్కారు.

పట్నంలో డాక్టరు షుగరు చూసి గుడ్లు తేలేశాడు. "బెల్లం ఒండేటోడికి సుగరేటి బాబూ? పాముకి ఇసం ఎక్కుతాదేటి?" అని మావయ్యగారు వాదించారట. వాదన గెలిచారో లేదో గానీ వేలు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యం చేస్తే పాదమే పోయేదన్నారు. ఇంటికి వచ్చిన రాత్రి గోడవైపు తిరిగి పడుకుని ఆయన ఏడ్చారు. వేలు పోయినందుకు కాదు, ఇంక పాకం నోట్లో పెట్టుకోకూడదన్నందుకు. అంత మనిషి ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

మరుసటేడు గానుగ దగ్గర స్టూలు మీద, కాళ్ళకి బూట్లతో కూర్చున్నారు. ఉండ ఆయనే కట్టేవారు. రుచి మాత్రం అత్తయ్య చూసేది. ఆవిడ కళ్ళు మూసుకుంటే ఆయన ఆవిడ మొహంలోకే చూస్తూ ఉండేవారు. ఆవిడ కళ్ళు తెరవగానే "దింపండ్రా" అనేవారు. ఆ బెల్లానికి పేరు తగ్గలేదు. పైగా, అప్పటినుంచి ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా ఆయన ముందుగా అడిగే మాట ఒకటే: "సురుక్కుమంటందా? అయితే పర్లేదు."

మొన్న డాక్టరమ్మ నా వేలు నొక్కగానే ఆసుపత్రి ఎగిరిపోయేలా అరిచి, వెంటనే నవ్వేశాను. మనవరాలు నాకు మతి పోయిందనుకుంది. గానుగ లేదు, పెనం పాతసామాన్లవాడు పట్టుకుపోయాడు, వాళ్ళిద్దరూ పోయి చాలా కాలమైంది. కాలం అన్ని నొప్పుల్నీ మాన్పుతుందంటారు. కానీ ఆవిడ కళ్ళు మూసుకోవడం, ఆయన ఆ మొహం వైపు చూడటం గుర్తొస్తే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు గుండెలో చురుక్కుమంటుంది. అయితే పర్లేదు.