పంటితో పుట్టిన మేనకోడలు

మా అక్క పురిటికి కొత్తపేట దగ్గర మా ఇంటికొచ్చి ఆడపిల్లని కంది. బిడ్డ నోరు తుడవబోయిన మంత్రసాని ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. కింది చిగురు మీద బియ్యపు గింజంత పన్ను! బిడ్డ పంటితో పుడితే మేనమామకి గండమంటారు మా వైపు. ఆ మేనమామని నేనే. ఇరవై రెండేళ్ళవాణ్ణి, మా అమ్మకి ఒక్కగానొక్క కొడుకుని.

ఆదివారం ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మా అమ్మ, ఆ పూటే దారం కట్టి పన్ను లాగేయమంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"చస్తే నేను కదా చచ్చేది! పసిగుడ్డు నోట్లో ఎవరైనా వేలు పెట్టేరో, ఊరుకునేది లేదు!" అని అరిచాను. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

కానీ ఆ పన్ను ఒరుసుకుని నాలుగో రోజుకి బిడ్డ నాలుక కింద పుండు పడింది. రొమ్ము నోట పెట్టగానే గుక్కపట్టి ఏడ్చేది. అక్క పాలు పిండి ఉగ్గుగిన్నెతో పడితే సగం బయటికే పోయేవి. బిడ్డ చిక్కిపోయింది. పురుడు తీరకుండా గడప దాటించకూడదని ఇంట్లో ఎంత మొత్తుకున్నా వినకుండా, అక్కనీ బిడ్డనీ బస్సెక్కించి అమలాపురం పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను.

డాక్టరు పెద్దాయన. పన్నుని వేలితో కదిపి చూశాడు.

"గట్టిగానే ఉందండి. ఇది పాలపన్నే, తొందరపడి ముందొచ్చేసింది. పీకితే మళ్ళీ ఆరేడేళ్ళదాకా రాదు. పైగా ఇంత పసిబిడ్డకి నెత్తురు ఆగకపోతే కష్టమండి. అంచు అరగదీస్తే సరిపోద్ది. మేనమామగారు మీరేనా? భయం లేదాండీ?"

"ఆయ్, లేదండి," అన్నాను. నిజం చెప్పొద్దూ, కాస్త ఉంది. అయినా అరగదీసినంతసేపూ బిడ్డ తల నేనే పట్టుకున్నాను.

వారానికి పుండు మానింది. పిల్ల కడుపునిండా పాలు తాగింది.

ఆరేళ్ళకి ఆ పన్ను దానంతటదే ఊడింది. సెలవలకొచ్చిన నా మేనకోడలు దాన్ని అరచేతిలో పెట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"చూశావా అమ్మా, బతికే ఉన్నాను!" అని ఎకసెక్కమాడాను.

అమ్మ నవ్వలేదు. "నువ్వు సైకిలెక్కి వెళ్ళిన ప్రతిసారీ, తిరిగొచ్చేదాకా ఈ గుమ్మంలోనే నిలబడ్డానురా, ఆరేళ్ళూ," అంది. ఆ పన్ను తీసుకుని కొంగున ముడేసుకుంది. "ఇంక కూర్చుంటాను," అని గడప మీదే కూలబడింది.