లాభంతో మొదలెట్టిన లెక్క

ఏడో తరగతిలో బడి మానేశానని అందరికీ చెబుతుంటాను గానీ, నిజానికి బడే నన్ను మానేసి హమ్మయ్య అనుకుంది. అప్పట్నుంచీ అనకాపల్లి బెల్లం మార్కెట్లో, కాటా దగ్గర పని.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం ముదురుపాకంలా పట్టేసి వదలదు. పిల్ల నుదురు ముద్దెట్టుకుంటే ఉప్పగా ఉంటుంది. బెల్లం తూచేవాడింట్లో ఉప్పుపిల్లవే నువ్వు అని ఏడిపించేవాణ్ణి, అదీ జబ్బు గుర్తేనని డాక్టరమ్మ చెప్పేదాకా.

మొన్నటిదాకా సీటీ తీసేవారు. ఈసారి వైజాగ్‌లో ఎమ్మారై రాసిందావిడ. "ఇందులో రేడియేషన్ ఉండదు, అయస్కాంతంతో తీసే బొమ్మ. ఈ పిల్లకి ఇంకా చాలా ఏళ్లు తియ్యాలి కదా," అంది. ఆ 'చాలా ఏళ్లు' అన్నమాటే బస్సులో ఇంటిదాకా నెమరేసుకుంటూ వచ్చేను. కిందటిసారి డాక్టరమ్మ చూపించిన బొమ్మలో కుడివైపు చిన్న మచ్చ ఉంది. అది పెరక్కూడదు. నాకు కావలసింది అదొక్కటే.

మెషీన్లో పదిహేను లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలన్నారు. వారంరోజులు మంచమ్మీద పడుకోబెట్టి నేనే నేర్పించేను. నాకొచ్చింది మార్కెట్ లెక్కే. కాటా దగ్గర మేం ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు...

స్కాన్ రోజున అద్దానికి ఇవతల గదిలో, టీవీ ముందు కూర్చున్న టెక్నీషియన్ పక్కనే నన్ను నిలబెట్టేరు. అతను మైకులో "ఒకటి" అన్నాడు. పిల్ల ఊపిరి పట్టలేదు. రెండోసారీ అంతే.

"మా నాన్న లాభం అనాలి," అంది లోపల్నుంచి.

అతను నవ్వేసి మైకు నా ముందుకి జరిపేడు. నేను లాభం అన్నాను, పిల్ల టక్కున బిగబట్టింది. పదిహేనూ అయ్యేయి. మళ్లీ ఇంకోటి తీస్తామన్నారు. ఆ రెండో లెక్క మధ్యలో, మొదట తీసిన బొమ్మ ఆ టీవీ తెరమీదకి వచ్చింది. మచ్చ పెద్దదయ్యింది. ఎడమవైపు కూడా ఇంకోటి.

తొమ్మిది దగ్గర నా నోరు ఆగిపోయింది. లోపల పిల్ల మాత్రం పది కోసం అలాగే బిగబట్టుకుని ఉంది. టెక్నీషియన్ గబుక్కున మైకు లాక్కుని "వదిలెయ్ తల్లీ, వదిలెయ్!" అనేసరికి దగ్గు అందుకుంది.

బయటికొచ్చేక వీపు రాస్తూ, "తుమ్మొచ్చిందే అమ్మలూ, అందుకే లెక్క ఆగిపోయింది," అన్నాను.

"తుమ్మితే మైకులో వినబడదేటి? మళ్లీసారి ఆ టీవీకేసి సూడకు నాన్నా. నాకేసి సూసి లెక్కెట్టు."