ఇసుక సంచిలో నీళ్ళు

తడిసిన గోనెసంచి వాసన ముక్కుకు తగిలితే చాలు, ఇప్పటికీ నాకు తల ఎత్తబుద్ధి కాదు. నిన్న అరకులో జీపు పందేలకు డ్రైవర్లను తూచే పని నాదే. కాఫీ గింజలు తూచే కాటా మీద ఒక్కొక్కరినీ నిలబెట్టి, అందరిలోకీ బరువైన మనిషి కంటే ఎవరు ఎంత తక్కువ తూగితే అంత ఇసుక సంచుల్లో పోయించి, సీటు పక్కన కట్టిస్తాం. ఇంతలో చినుకులు పడి సంచులు తడిశాయి. సింహాద్రి చిన్నాన్న గుర్తొచ్చాడు.

వరసకు ఆయన నాకేమీ కాడు. పాడేరు నుంచి పెదబయలుకు జీపు నడిపేవాడు. ఆడపిల్ల చేతికి స్టీరింగ్ ఇస్తావా అని తోటి డ్రైవర్లు నవ్వుతుంటే, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్డు నేర్పాడు. "ఏటి గుంటా, మలుపులో బ్రేకు మీద నిలబడిపోనావు? ముందే గేరు తగ్గించు, బేగి!" అని కసిరేవాడు, మళ్ళీ తనే నవ్వేసేవాడు. ఆయన తొంభై ఎనిమిది కిలోల మనిషి. నేను నలభై ఆరు.

కాఫీ కోతలయ్యాక ఏటా బురద గట్టు మీదికి జీపుల పందెం పెట్టుకుంటాం. ఒక్కొక్కరే ఎక్కాలి, తక్కువ సమయంలో ఎక్కినవాళ్ళది గెలుపు. నేను దిగిన మొదటి ఏడే గెలిచాను. "గాలికెగిరిపోయీ గుంట, జీపు దానికదే ఎక్కీసింది" అన్నారు. ఒళ్ళు మండిపోయింది నాకు. చిన్నాన్న మాత్రం ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. మరుసటి ఏడు అందరినీ కూర్చోబెట్టి, "పందెం సేతికెట్టండ్రా, పొట్టకి కాదు. తేలికోళ్ళకి ఇసక కట్టండి. అప్పుడెవులు ఓడిపోయినా ఒప్పుకుందాం" అన్నాడు. పందెం అయ్యాక కూడా తూచాలేమో అని ఎవరో అంటే, "మనోళ్ళే కదేటి, ఒకపాలి సాలు" అని కొట్టిపారేశాడు.

నాకేమో భయం పట్టుకుంది. బరువు సమానమయ్యాక ఓడిపోతే, గాలికెగిరే గుంటనన్న మాట నిజమైపోదా? నా వంతు యాభై రెండు కిలోలు. రెండు సంచుల ఇసుకలోనూ మధ్యలో నీళ్ళు నింపి కట్టిన పెద్ద ప్లాస్టిక్ కవర్లు దాచాను. కాటా దిగి, సంచులు సీటు పక్కన కట్టుకున్నాక స్క్రూడ్రైవర్‌తో రెండింటినీ పొడిచాను. నా వంతు వచ్చేలోగా ఇరవై కిలోల నీళ్ళు కారిపోయాయి. ఆ రోజూ ముసురే, జీపు కింద తడిని ఎవరూ పట్టించుకోలేదు.

గెలిచాను. నా తర్వాత నిలిచింది చిన్నాన్నే. రెండు సెకన్ల తేడా. ఆయన బురదలో దబదబా నడిచొచ్చి నా చెయ్యి పైకెత్తాడు. "సూసినార్రా? బరువు సమానం! అయినా నన్ను కొట్టీసింది. ఇదీ సెయ్యంటే!" ఆయన కళ్ళలో నీళ్ళు. నా పక్కన సగానికి సగం కుంగిపోయిన సంచులు. ఛీ, ఆ క్షణంలోనైనా చెప్పి ఉండాల్సింది. కప్పు పుచ్చుకున్నాను.

తర్వాతి ఏడు ఆయన పందేనికి రానన్నాడని తెలిసి ఇంటికి వెళ్ళాను. వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్నాడు.

"రా చిన్నాన్నా, నువ్వు లేకపోతే పందెమేంటి?"

"ఇన్నాళ్ళూ ఓడిపోతే పొట్ట వల్ల అనుకునీవోణ్ని గుంటా. ఇప్పుడా సాకు నేదు. నా సెయ్యి తగ్గిపోనాది. పర్నేదులే, నువ్వున్నావు కదా."

ఆయన చెయ్యి తగ్గలేదు. ఆ సంగతి లోకంలో నా ఒక్కదానికే తెలుసు. నోరు తెరిచాను. ఇంతలో పిన్ని టీ తెచ్చి చేతికిచ్చింది. తాగి, వచ్చేశాను. ఆయన మళ్ళీ ఏ పందెంలోనూ దిగలేదు. పోయి మూడేళ్ళయింది.

పందెం అయ్యాక రెండోసారి తూచే పద్ధతి పెట్టించింది నేనే. నిన్న ఒక కొత్త డ్రైవరు విసుక్కున్నాడు. "మల్లీ ఎందుకక్కా తూసీడం?"

"ఒకప్పుడు ఎవరో సంచిలో నీళ్ళు పెట్టి గెలిచారు" అన్నాను.

"ఎవులక్కా?"

కాటా ముల్లు వంక చూస్తూ, "ఏమో, నాకు తెలీదు" అన్నాను.