ఈశాన్యం వాలు

తొండుపల్లిలో చాలాకాలం ఐలయ్య టెంట్ హౌస్ లేకుండా ఎవరి పెళ్లీ కాలేదు, ఎవరి చావూ గడవలేదు. విమానాశ్రయం కింద పొలం పోయాక, వచ్చిన డబ్బుతో ఆయన ఇల్లు కట్టి, కింద సెల్లార్ తవ్వించి, అందులో షామియానాలు, జంపఖానాలు, పెళ్లికొడుకులు కూర్చునే ఎర్ర మఖ్మల్ సింహాసనాలు దాచాడు.

సెల్లార్ మెట్లు ఇంటికి ఈశాన్యం మూల. వాకిలి వాలు మాత్రం నైరుతికి, వీధి మోరి ఉన్న వైపుకు. మేస్త్రీ లక్ష్మణ్ అట్లా వాటం పెట్టాడు. వాననీళ్లు ఇంటికి దూరంగా నడిచి మోరిలో పడేవి. చెప్పుకోదగ్గ విషయం కాదు గనక ఎవరూ చెప్పుకోలేదు.

అంతలో ఐలయ్య భార్య రుక్కమ్మకు ఆయాసం పట్టుకుంది. దవాఖానలు తిరిగారు. చివరికి ఒక వాస్తు పండితుడు ఫోనులో దిక్సూచి పెట్టుకుని వాకిలంతా కొలిచి, పైన విమానం పోయేదాకా ఆగి, తీర్పు చెప్పాడు: నీళ్లు నైరుతికి పోతున్నాయి, ఇల్లాలి ప్రాణం కూడా ఆ దారినే పోతుంది.

ఐలయ్య వెంటనే లక్ష్మణ్‌ను పిలిపించి, వాలు ఈశాన్యానికి తిప్పమన్నాడు.

“అన్నా, వాలు గిటు తిప్పితే నీళ్లన్ని సీదా సెల్లార్లకే పోతయ్.”

“పోనీ. ఆమె పోకుంటే చాలు.”

మేస్త్రీ పార అందుకున్నాడు. నైరుతిలో మట్టి పోసి ఎత్తు చేసి, బండలు పరిచాడు.

ఆ ఎండాకాలం రుక్కమ్మకు ఆయాసం తగ్గింది. కొత్త మందు మొదలుపెట్టింది కూడా అప్పుడే. కానీ ఘనత బండలకే దక్కింది.

వానలు వచ్చాయి. నీళ్లు శాస్త్రం చెప్పినట్టే ఈశాన్యానికి నడిచాయి. అక్కడి నుంచి ఎటు పోవాలో శాస్త్రం చెప్పలేదు గనక మెట్లు దిగాయి. ఐలయ్య మోటారు పెట్టాడు. మోటారు నీళ్లను వాకిట్లో పోసేది. వాకిలి వాటిని భద్రంగా మళ్లీ సెల్లార్‌కు అప్పగించేది. పైపును మోరి దాకా లాగుదామంటే అది నైరుతి. ఇక మిగిలింది బకెట్.

సింహాసనాలకు బూజు పట్టింది. ఒక పెళ్లికొడుకు జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు ఆపకుండా తుమ్మాడు. ఆ తర్వాత పెళ్లిళ్లన్నీ శంషాబాద్‌లోని ఇంకో టెంట్ హౌస్‌కు పోయాయి. చనిపోయినవాళ్లు తుమ్మరు గనక చావులు ఇంకొన్నాళ్లు విశ్వాసంగా ఉన్నాయి.

రుక్కమ్మకు ఆయాసం తిరగబెట్టింది. మంచం మీది నుంచే బకెట్ చప్పుడు వినేది.

“ఏమయ్యా, ఆయాసం నా వొంట్ల ఉన్నది, వాకిట్ల లేదు. జర ఆ వాలు తీసెయ్‌రాదు.”

“నువ్వు మాట్లాడకు. దమ్మొస్తది.”

“నాకంటే నీకే ఎక్కువొస్తది దమ్ము. ఇద్దరం ఒక్క మంచంల పడితే ఎవలు లేపాలె?”

నవ్వబోయింది. నవ్వు సగంలోనే దగ్గయింది.

డాక్టరు ఒకసారి ఇంట్లో చెమ్మ ఉందా అని అడిగాడు. “ఇంట్ల లేదు సారూ, కిందున్నది,” అన్నాడు ఐలయ్య. నిజమే చెప్పాడు. కింది వాసన ఆమె మంచం దాకా వస్తుందా అని డాక్టరు అడగలేదు.

ఆ మరుసటి వానాకాలం, వాకిట్లో నీళ్లు పోవలసిన మూలకే పోతుండగా, రుక్కమ్మ పోయింది.

షామియానా కోసం లక్ష్మణ్ సెల్లార్‌లోకి దిగాడు. పట్టుకున్న చోటల్లా గుడ్డ చిరిగింది. ఉత్త చేతులతో పైకి వచ్చాడు. ఊరందరి చావులకూ నీడ వేసిన మనిషి ఇంటి ముందు శంషాబాద్ నుంచి కిరాయికి తెచ్చిన షామియానా లేచింది. ఐలయ్య దాని గుంజను అలవాటుగా ఊపి చూశాడు. “గట్టిగ పాతలేదు,” అని తానే తాడు బిగించాడు.

దినాలయ్యాక లక్ష్మణ్ మెల్లగా అడిగాడు. “అన్నా, ఇగ తిప్పుదామా?”

ఐలయ్య ఒక బండను కాలితో తట్టి చూశాడు.

“తిప్పు. ఇగ ఏమున్నది.”

లక్ష్మణ్ బండలు లేపి, వాలు మోరి వైపుకు మార్చి, మెట్ల పైన అడ్డంగా చిన్న కట్ట కట్టాడు.

తర్వాతి పెద్దవానకు ఐలయ్య అలవాటుగా బకెట్ అందుకుని కిందికి ఉరికాడు. నేల పొడిగా ఉంది. మూలలన్నీ అరచేత్తో తడిమి చూశాడు. ఎక్కడా తడి లేదు. బయట నీళ్లు చప్పుడు చేసుకుంటూ నైరుతికి పోతున్నాయి.

బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

“పొడిగనే ఉన్నదే,” అన్నాడు, పైన మంచం దాకా వినబడేటట్టు.