ఆ హీటర్ అటు తిప్పండి

మా పిన్ని ఎముకలు కొరికే చలిలో చేతుల్లేని గౌను వేసుకుంటుంది. మాడు పగిలే ఎండలో మెడదాకా ఉన్ని కోటు బిగించుకుంటుంది. ఎవరెంత మొత్తుకున్నా వినదు. ఆవిడ పక్కన వీధిలో నడవాల్సిన ఖర్మ నాది కాబట్టి, ఈ సంగతి రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండిపోతోంది.

పిన్ని ఆడవాళ్ల దుస్తులు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. నాకక్కడ ఉద్యోగం వేయించిందీ ఆవిడే. ఫ్యాషన్ షోల్లో ర్యాంప్ మీద అమ్మాయిలు ఏమేం తొడుక్కుని నడిచారో ఆ ఫొటోలన్నీ పోగుచేసి కటింగ్ గది గోడకి అంటించడం నా పని. వాటిని చూసి పిన్ని గుడ్డ కోస్తుంది, మిషన్లవాళ్లు కుడతారు. కుట్టిన నమూనాని, మూల స్టూలు మీద కదలకుండా నిలబడే ఫిట్టింగ్ అమ్మాయికి తొడిగి సరిచూస్తాం.

ఈ వ్యాపారంలో కాలం తలకిందులు. వేసవి గౌన్లు ఎండలకి ముందే కొట్లోకి చేరాలి కాబట్టి వాటిని గడగడలాడే చలిలో కుడతాం. చలి కోట్లు చెమటలు కక్కుతూ కుడతాం. అయినా మేమందరం బయటి వాతావరణాన్ని బట్టే బట్టలు వేసుకుంటాం. పిన్నికి మాత్రం బల్ల మీద ఏదో ఒంటి మీదా అదే. అందుకే మిషన్లవాళ్లు ఆవిణ్ని చలికాలంలో "ఎండాకాలం" అనీ, ఎండాకాలంలో "చలికాలం" అనీ పిలిచేవాళ్లు.

పోనీ ఆ ఫ్యాషన్లంటే ముచ్చటా అంటే అదీ కాదు. నేను ఫొటో అంటించడం ఆలస్యం, కత్తెర పుచ్చుకుని వచ్చి గోడతో పోట్లాటకి దిగేది.

"దీనికి వీపేదే?"

"వీపు లేని గౌను పిన్నీ. ఈ వేసవికి అదే ఫ్యాషన్."

"గుడ్డ చాలకపోతే చాలలేదని చెప్పొచ్చుగా! ఇదేంటి, భుజం మీద కోడి కూర్చుందా?"

"ఈకలు పిన్నీ."

"కొత్త బట్టలు తొడిగితే ఆ పిల్ల ముఖం అలా పెట్టిందేం? ఎవరు తిట్టారు దాన్ని?"

ఇలా గోడనంతా కడిగి పారేసి, మర్నాడు సరిగ్గా అలాంటి గౌనే తన కొలతకి కుట్టుకుని దిగేది. దోమతెరలాంటి నిమ్మపండు రంగు గుడ్డ, దాని మీద అరచేయంత పూలు, మెడ నుంచి మడమ దాకా కుచ్చులు, వాటన్నిటి మధ్యా పిన్ని. ఆవిడ సన్నపాటి మనిషి కూడా కాదు. ఓసారి బస్సులో ఒకావిడ జాలిపడి తన శాలువా కప్పబోయింది. "నేనేమన్నా జబ్బుదాన్నా?" అని పిన్ని అంతెత్తున లేచి, ఆ వెంటనే వరసగా తుమ్మింది. నేను కిటికీ వైపు తిరిగి ఈవిడెవరో నాకు తెలియనట్టు కూర్చున్నాను.

"మా అక్క కూతురు," అని పిన్ని బస్సంతటికీ నన్ను పరిచయం చేసింది.

పనిలోకొచ్చాక అసలు గొడవ. కంపెనీ మొత్తానికి ఉన్నది ఒకటే హీటర్. అది యజమాని గదిలో, ఆయన కాళ్ల దగ్గర ఉంటుంది. తన కాళ్లంటే ఆయనకి అంత ప్రేమ. పిన్ని వణుకుతూ వెళ్లి ఆ గది తలుపు విరగ్గొట్టినంత పని చేసేది.

"చేతులు వణుకుతున్నాయండీ. ఖరీదైన గుడ్డ వంకరపోతే నన్ననొద్దు."

"ఒంటినిండా కప్పుకుని రావచ్చు కదమ్మా?"

"నేను కోసింది నేను తొడుక్కుంటేగానీ నాకు కొలత కుదరదు. హీటరిస్తారా, కత్తెర కింద పెట్టమంటారా?"

పిన్నిలా గుడ్డ కోసేవాళ్లు ఇంకొకరు దొరకరు. ఆయన పళ్లు నూరుకుంటూ హీటర్ పంపేవాడు. అది వచ్చి ఎదురుగా కూర్చోగానే పిన్ని మరో పేచీ మొదలుపెట్టేది.

"అబ్బ, ముఖం మాడిపోతోంది! అటు తిప్పండి."

తిప్పేవాళ్లం.

"ఇంకా అటు!"

అంత రభస చేసి తెప్పించుకున్న హీటర్‌కి వీపు చూపించి, తుమ్ముకుంటూ గుడ్డ కోసుకునేది. ఎండాకాలంలో ఉన్ని కోటులో ఉడికిపోతూ యజమాని ఫ్యానూ ఇలాగే లాక్కొచ్చేది. "మెడ పట్టేసింది, అటు తిప్పండి!" మేం చాటుకెళ్లి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఇంటికెళ్లాక మాత్రం నాకు ఏడుపొచ్చేది. నవ్వేది మా పిన్నిని చూసే కదా.

పోయిన చలికాలం, వేసవి నమూనాలు చూడ్డానికి పెద్ద దుకాణాలవాళ్లు వస్తున్నారని తెలిసింది. యజమాని నన్ను పిలిచాడు.

"ఆ రోజు మీ పిన్ని మామూలు మనిషిలా వస్తే సరే. లేకపోతే ఆవిడిక రానే అక్కర్లేదు."

పరుగెత్తుకెళ్లి పిన్ని చేతులు పట్టుకున్నాను. "ఒక్క రోజు, ఒకే ఒక్క రోజు మనిషిలా తయారవ్వు పిన్నీ. ఉద్యోగం పోతుంది!"

"ఎవరిది?"

"నీదే! నీ వెనకాలే నాదీ."

"నీదేం పోదులే. గోడకి ఫొటోలంటించేదాని మీద ఎవరికి కోపమొస్తుంది?"

ఆ రోజు పిన్ని ఒంటినిండా దళసరి కోటు కప్పుకుని వచ్చింది. నా ప్రాణం లేచొచ్చింది. వచ్చినవాళ్లకి టీ యజమాని గదిలో కాబట్టి హీటర్ అక్కడే ఉంది. టీలయ్యాక అందరూ కోట్లలో దూరి కటింగ్ గదిలోకొచ్చారు. ఫిట్టింగ్ అమ్మాయి ఆ వీపు లేని దోమతెర గౌనులో స్టూలెక్కింది.

"తిరగమ్మా. మళ్లీ తిరుగు. ఆఁ, అలాగే ఉండు," అంటూ వాళ్లు తీరిగ్గా చూస్తున్నారు.

అలా కాసేపు గడిచిందో లేదో, పిన్ని కోటు విప్పి అవతల పడేసింది. లోపల సరిగ్గా అదే గౌను, అవే పూలు, అవే కుచ్చులు, కాకపోతే పిన్ని కొలతలో. యజమాని ముఖం కందగడ్డయింది. పిన్ని బల్ల మీది గుడ్డముక్కలు లేచిపోయేలా తుమ్మింది.

వచ్చినవాళ్లలో పెద్దావిడ, ఆవిడా కాస్త భారీ మనిషే, కంగారుపడింది. "అయ్యో, ఈవిడ కొయ్యబారిపోతోంది! ఇక్కడ హీటరేం లేదా?"

నలుగురి ఎదటా ఏమంటాడు? యజమాని తనే స్వయంగా హీటర్ మోసుకొచ్చి పిన్ని ముందు పెట్టాడు.

"అటు తిప్పండి," అంది పిన్ని.

తిప్పాడు.

"ఇంకా అటు!"

ఆ 'అటు' ఎటో నేను మొదటిసారి చూశాను. స్టూలు. ఆ అమ్మాయి పెదాలు నీలంగా ఉన్నాయి. కాలివేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. సెగ తగిలేసరికి అవి ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఈ పిల్లకి ముందు ఆ స్టూలు మీద నిలబడ్డ అమ్మాయి నాకు అప్పుడు గుర్తొచ్చింది. "చలేస్తోంది సార్," అన్నందుకు ఆమెని "అయితే ఇంటికెళ్లి ముసుగుతన్ని పడుకో," అని పంపేశాడు ఈ మహానుభావుడు. ఆమె మళ్లీ రాలేదు. ఆ తరవాత నుంచే పిన్నికి ఈ పిచ్చి.

నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. యజమాని మీద, ఆయన కాళ్ల మీద, రోజూ పిన్నిని చూసి ఆ మూలకేసి చూడని మా అందరి మీద. అందరికన్నా ఎక్కువ పిన్ని మీద. ఆవిణ్ని బట్టల బీరువా చాటుకి లాక్కెళ్లాను.

"నాకైనా ముందే చెప్పి చావొచ్చుగా!"

"ఏం చెప్పను? ఆ పిల్లకి చలేస్తోందంటే ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. నాకు చలేస్తోందంటే పిచ్చిదాన్నంటారు, అంతే కదా. అననీ."

బయట పెద్దావిడ యజమానితో అంటోంది. "మీ మాస్టరమ్మ వేసుకున్న కొలతలో కూడా కుట్టండి. ఆవిడకెంత నప్పిందో! ఫిట్టింగులకి నేనే వచ్చి చూసుకుంటా. ఆ హీటర్ మాత్రం అక్కణ్నుంచి కదలకూడదు."

యజమాని తల ఊపాడు. ఆ కొలతలో కోయాలంటే పిన్ని తప్ప దిక్కులేదని ఆయనకి తెలుసు.

మర్నాడు బస్టాపులో, ఇవాళైనా పిన్ని స్వెట్టరులో వస్తుందని ఎదురుచూశాను. భుజాల మీద ఈకలతో, వీపు లేని గౌనులో, వణుక్కుంటూ వచ్చింది.

"హీటర్ వచ్చేసిందిగా! ఇంకా ఇదేంటి?" అని అరిచాను.

పిన్ని మూతి ముడిచింది. "ఇన్నాళ్లూ పని కోసం వేసుకున్నానే. ఇవాళ సరదాకి. నప్పిందని ఆవిడందిగా?" అని బస్టాపు మధ్యలో గిర్రున ఒకసారి తిరిగింది. "వెనకెలా ఉంది?"

"వెనకేమీ లేదు పిన్నీ!" అన్నాను కోపంగా, నా శాలువా విప్పుతూ.