పట్టికలో పై వరుస

రాయపూర్ తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరికైనా రక్తం కావాలంటే వందమంది దణ్ణం బొమ్మలు పెట్టేవారు. ఆసుపత్రికి కదిలేవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ఒళ్లు మండి, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీలో మా క్వార్టర్‌లో కూర్చుని నేనే ఆన్‌లైన్‌లో ఒక షీటు తయారుచేశాను. పేరు, బ్లడ్ గ్రూపు, ఫోను నంబరు, చివరిసారి రక్తమిచ్చిన తారీఖు. లింకు ఉన్నవాళ్లెవరైనా చూడొచ్చు, దిద్దేది నేనొక్కదాన్నే. ఇచ్చి ఎక్కువ రోజులైనవాళ్లు వాళ్లంతట వాళ్లే పైకి వచ్చేలా అమర్చాను, ఇచ్చినవాళ్లనే మళ్లీ పీడించకుండా.

మా ఆయనది ఓ నెగటివ్. వ్యాగన్ వర్క్‌షాపులో వెల్డరు. రక్తమిచ్చి వచ్చి గుమ్మంలోంచే అరిచేవారు.

"ఏటే, నన్ను కిందకి దింపీసినావా? జల్దీ తారీఖు మార్చు, లేపోతే రేపూ పిలుస్తారు!"

తారీఖు చెప్పనివాళ్లకు ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టేదాన్ని.

ఆయన గుండెపోటుతో పోయారు. ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల వాసన అన్నట్టు, మా ఇంటి వరుసే నేను దిద్దలేదు. రెండుసార్లు తెరిచి, ఆయన పేరు చూసి మూసేశాను. కొత్త తారీఖు పడదు కాబట్టి ఆయన మెల్లగా పైకి జరిగి, ఓ నెగటివ్‌లో మొదటివారై, ఇక అక్కడే నిలబడిపోయారు. ఆయన ఫోనుకు రోజూ ఛార్జింగ్ పెట్టేదాన్ని. అది మోగితే ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది. ఎత్తేదాన్ని కాదు. ఎత్తితే ఆ మాట నా నోటితో చెప్పాలి.

ఒక ఆదివారం పొద్దున్నుంచీ ఆరేడుసార్లు మోగింది. వంట చేసుకుంటూ విన్నాను. అబద్ధమెందుకు, సంతోషపడ్డాను కూడా. మధ్యాహ్నం మళ్లీ మోగితే విసుగొచ్చి ఎత్తాను. హలో అనేలోపే ఒక కుర్రగొంతు అందుకుంది.

"భాయ్‌సాబ్, దేవేంద్ర నగర్ నుంచండీ. మా చెల్లికి కాన్పైంది, బ్లీడింగ్ ఆగట్లేదు. ఓ నెగటివ్ కావాలి. లిస్టులో పైన మీరే ఉన్నారు. మిగతా ఇద్దరూ ఊళ్లో లేరు. మీది రింగవుతోంది కదా అని సుబహ్ నుంచీ చేస్తానే ఉన్నా."

"ఆయన లేరు బాబూ."

"ఎప్పుడొస్తారండీ?"

చెప్పక తప్పలేదు. అతను, "అయ్యో, సారీ ఆంటీ," అన్నాడు. నాకు సారీ చెప్పాడు!

భిలాయ్‌లో మా ఆయన స్నేహితుడొకరున్నారు, అదే గ్రూపు. దూరమని ఆయన్ని షీటులో ఎక్కించలేదు. బతిమాలితే ఉన్నపళంగా బయల్దేరారు. తర్వాత షీటు తెరిచి మా ఆయన వరుస తీసేశాను. కిందివాళ్లంతా ఒక మెట్టు పైకి జరిగారు.

సాయంత్రం స్నేహితుడు ఫోన్ చేసి, ఇచ్చి వచ్చానన్నారు. ఇంకేదో చెప్పబోతే నేనే మాట మార్చాను.

పాత షీటు ఫొటోలు ఏయే గ్రూపుల్లో తిరుగుతున్నాయో, ఆయన ఫోను ఇప్పటికీ అప్పుడప్పుడు మోగుతుంది. మొదటి రింగుకే ఎత్తి, ఆయన పోయారని చెప్పి, ఇంకొకరి నంబరు ఇస్తాను. ఆ దేవేంద్ర నగర్ అబ్బాయి నంబరు కూడా ఆ ఫోనులోనే ఉంది. వాళ్ల చెల్లెలు బతికిందా అని అడగడానికి ఇన్నేళ్లలో నాకు ధైర్యం చాలలేదు.